పెసలకు జ్వరం

డిసెంబరు 11

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. సంక్రాంతి ముందు బడిలో సైన్సు ప్రదర్శన ఉంది. చీటీలు తీస్తే దీనికి వచ్చిన అంశం: మొక్క కణాలు, జంతు కణాలు శక్తిని ఎలా తయారుచేసుకుంటాయి. ఇలాంటి అంశం వస్తే ఏటా జరిగేది తెలిసిందే. థర్మోకోల్ పలక కొంటారు, గుండ్రంగా కోస్తారు. ఆకుపచ్చ రంగు పూసిన ముక్క హరితరేణువు (ఆకు కణంలో ఎండని పట్టే భాగం), రాజ్మా గింజ మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారయ్యే చోటు). ఫెవికాల్ ఆరేసరికి ప్రాజెక్టు అయిపోతుంది.

"ఈసారి అది వద్దు మావయ్యా, నిజంగా ఏదైనా సేద్దాం" అంది.

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాది మందుల షాపు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు షట్టరు దించే ఉంటుంది. సిరంజిలు, సెలైన్ గొట్టాలు, స్పిరిటు, అయోడిన్ అన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. ఒప్పేసుకున్నాను. షాపు వెనక గది, ఇంటి మేడమీద పిట్టగోడ, ఈ రెండే మా ప్రయోగశాల.

మొదటి తిప్పలు భాషతోనే వచ్చాయి. అది చదివేది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ రాత మాత్రం షాపు బోర్డులు కూడబలుక్కోవడం దగ్గరే ఆగింది. దాని పుస్తకంలో 'ఆలోక శ్లేషణ' అని ఉంది. నేను పాతపట్నంలో చదువుకున్నప్పుడు అదే 'కిరణజన్య సంయోగక్రియ'. మా అమ్మ విని "ఏట్రా అది, మంత్రమా?" అంది. ఎండని అన్నంగా మార్చుకోవడమమ్మా అన్నాను. "అలగని రాస్తే పోలా?" అంది. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. అమ్మకి జవాబు చెప్పలేకపోయాను.

నోటుబుక్కు మొదటి పేజీలో గీత గీసి రెండు వరుసలుగా రాసింది. ఎడమ పక్క: మొక్క కణం కిరణజన్య సంయోగక్రియతో శక్తి చేసుకుంటుంది. కుడి పక్క: జంతు కణం శ్వాసక్రియతో చేసుకుంటుంది. శ్వాసక్రియ అంటే ఇక్కడ ఊపిరి ఒక్కటే కాదు, కణం చక్కెరను విరిచి శక్తి రాబట్టుకోవడం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. దాని వయసులో నేనూ ఇలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఈ పేజీ తప్పని ఇప్పుడే చెప్పను. ఎక్కడ తప్పో దానికే తగలాలి.

డిసెంబరు 13

సున్నపు తేట. కిళ్ళీ కొట్టులో రెండు రూపాయల సున్నం అడిగితే "ఆకు వక్క వద్దా?" అన్నాడు. సున్నాన్ని సీసాడు నీళ్ళలో కలిపి రాత్రంతా వదిలేశాం. పొద్దున పైన తేరిన నీళ్ళు మాత్రం దూదిలో వడకట్టుకున్నాం. సీసా మూత గట్టిగా బిగించాలి. లేకపోతే గాలి తగిలి పైన తెల్లటి పొర కడుతుంది. మాకు ఒక సీసా అలాగే పోయింది.

సెలైన్ గొట్టంతో ఊదితే అరనిమిషంలో పాలలా మారింది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి సుద్దపొడిలా తేలుతుంది. అంతవరకు పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. పక్కింటి కుర్రాడికి మాత్రం ఊదడం తెగ నచ్చేసింది. ఐదారు నిమిషాలు ఆపలేదు. చూస్తుండగానే పాలు విరిగి మళ్ళీ నీళ్ళయ్యాయి! "నానేటీ సెయ్యలేదు" అని వాడు గొట్టం పారేసి పరుగు. వాడి తప్పేమీ లేదు. కార్బన్ డయాక్సైడ్ మరీ ఎక్కువైతే ఆ తెల్లపొడి నీళ్ళలో కరిగిపోయే రూపానికి మారుతుంది. అరకు దారిలో బొర్రా గుహల్లో సున్నపురాయిని నీళ్ళు తొలిచింది ఈ పద్ధతిలోనే. ఊదే పిల్లలకు ఒకటే జాగ్రత్త చెప్పాలి: ఊదాలి గానీ పీల్చకూడదు.

అదే రోజు నానబెట్టిన పెసలు ఒక సీసాలో వేసి, గొట్టం చివర సున్నపు తేటలో ముంచి పెట్టాం. మర్నాటికి తేట తెల్లబడింది. మేనకోడలు కాసేపు చూసి, "గింజలో పురుగుందేమో" అంది. పెసలు ఊపిరి వదులుతున్నాయని నమ్మడం కన్నా పురుగుందని నమ్మడమే తేలిక మరి.

డిసెంబరు 16

మొదటి ఫ్లాస్కు పాడైంది. పాడైన తీరు రాసి పెట్టాలి.

శ్వాసక్రియలో వేడి పుడుతుంది కదా, ఆ వేడిని పట్టుకోవాలని మా ఆలోచన. ఇంట్లో టీ ఫ్లాస్కు తెచ్చాం (అమ్మకి చెప్పలేదు). పావుకిలో పెసలు నానబెట్టి, మొలక కట్టగానే అందులో పోసి మూత బిగించాం. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు పెడితే 'లో' అని చూపించి ఊరుకుంది. అది మనిషి ఒంటి కోసం చేసింది, 32 డిగ్రీల లోపు దానికి లెక్కలేదు. రోజూ పది అమ్ముతాను, ఆ సంగతి తోచలేదు. కాలేజీలో పనిచేసే స్నేహితుణ్ణి బతిమాలి పొడుగు గాజు థర్మామీటరు తెచ్చాను.

గదిలో 22. ఫ్లాస్కులో రెండో రోజు 25. మూడో రోజూ అంతే. మూత తీస్తే గుప్పున వాసన. అమ్మ వంటింట్లోంచే "కల్లు కుండ ఎవులు తెచ్చార్రా?" అంది. అప్పుడు దొరికిపోయాం.

జరిగింది ఇది. మూత బిగించడంతో లోపలి ఆక్సిజన్ కాస్తా అయిపోయింది. గాలి లేకపోయినా గింజ వెంటనే చావదు. ఈస్టు చేసే పనే చేస్తుంది: చక్కెరను సగంలో విరిచి, ఆల్కహాల్‌గా మార్చి, దొరికిన కొద్దిపాటి శక్తితో ప్రాణం నిలుపుకుంటుంది. వరద నీళ్ళు నిలిచిన చేలో వేళ్ళు పడే అవస్థ కూడా దాదాపు ఇదే. పాడైందనుకున్న ఫ్లాస్కే ఒక పాఠం చెప్పింది గానీ, దానికోసం అమ్మ చేత తిట్లు తినాల్సి వచ్చింది. కొత్త ఫ్లాస్కులు రెండు కొన్నాను.

డిసెంబరు 20

ఈ రోజు సంగతి కొంచెం వివరంగా రాస్తాను.

ఆకు బిళ్ళల ప్రయోగం. కాగితాలకు కన్నాలు వేసే పంచింగుతో ఆకుని చిన్న చిన్న బిళ్ళలుగా కొట్టాలి. గ్లాసుడు నీళ్ళలో చిటికెడు తినే సోడా, గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క కలపాలి. పది మిల్లీలీటర్ల సిరంజిలో బిళ్ళలు వేసి, కొంచెం ఆ నీళ్ళు పీల్చి, ముక్కు వేలితో మూసి పిస్టను వెనక్కి లాగాలి. ఆకు లోపలి సందుల్లో ఉన్న గాలి బయటికి వచ్చి ఆ చోటికి నీళ్ళు చేరతాయి. నాలుగైదుసార్లు లాగి వదిలితే బిళ్ళలు మునుగుతాయి. వాటిని గ్లాసులో పోసి వెలుగులో పెడితే, ఆకు సోడాలోని కార్బన్ డయాక్సైడ్ వాడుకుని ఆక్సిజన్ తయారుచేస్తుంది. ఆ బుడగలు లోపల చేరి బిళ్ళని పైకి లేపుతాయి.

మొదట పెరట్లో ఉన్న బచ్చలి కోశాం. మందం, పైగా జిగురు. ఎంత లాగినా సిరంజిలో తేలుతూనే ఉంది. నా బొటనవేలు కందిపోయింది. తర్వాత పాలకూర తెచ్చాం. మూడో లాగుకే మునిగింది. పది బిళ్ళలు గ్లాసు అడుగున, పైన తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు. పదకొండో నిమిషానికి ఐదు లేచాయి, పంతొమ్మిదో నిమిషానికి పదీ లేచాయి. లేచిన ప్రతిదానికీ మేనకోడలు చప్పట్లు కొట్టింది. సోడా వేయని గ్లాసులో రెండే లేచాయి. అంతా నోటుబుక్కులో రాసుకుంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

చేసేదేముందని అన్నానికి వెళ్ళాం. గంటా ఇరవై నిమిషాల తర్వాత వచ్చి ఫోను టార్చి వేసి చూస్తే, పదిట్లో నాలుగు మళ్ళీ అడుగున ఉన్నాయి. గ్లాసు కాస్త కదిపితే ఇంకో మూడు దిగాయి.

"మావయ్యా, ఇవెందుకు మునిగిపోనాయి? బుడగలు ఎవులు తినేశారు?"

నేను మాట్లాడలేదు. అది మొదటి పేజీ తిప్పింది. ఎడమ పక్క, కుడి పక్క, మధ్యలో గీత. చాలాసేపు చూసింది. "అంటే ఆకు కూడా..." అని ఆగింది. అవును. ఆకు కూడా ఊపిరి తీస్తుంది. వెలుగున్నంతసేపు తయారుచేసేది ఎక్కువ, వాడుకునేది తక్కువ కాబట్టి వాడకం మన కంటికి కనబడదు. వెలుగు పోగానే తయారీ ఆగింది, వాడకం ఆగలేదు. ఉన్న ఆక్సిజన్ని ఆకే వాడేసుకుంది.

రాత్రి దానికి ఇద్దరి కథ చెప్పాను. ఇంగ్లండులో ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్త 1771లో, కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాజు కూజాలో పుదీనా రెమ్మ పెట్టి కొన్నాళ్ళు ఉంచితే ఆ గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలుగుతుందని చూశాడు. అయితే ఆ ప్రయోగం అతనికే ఒకసారి వస్తే ఒకసారి రాలేదు. దానికి కారణం 1779లో ఇంగెన్‌హౌజ్ అనే డచ్చి వైద్యుడు పట్టాడు: మొక్క ఎండలో ఉంటేనే గాలి బాగుపడుతుంది, చీకట్లో ఉంటే అదే మొక్క గాలిని పాడుచేస్తుంది. మాకు కరెంటు పోయి తెలిసిన సంగతి ఆయనకి వేసవి అంతా వందల ప్రయోగాలు చేస్తే తెలిసింది.

అమ్మ అందుకుంది: "అందుకే రాత్రి సింతసెట్టు కింద పడుకోవద్దంటారు." ఇది నేను ఒప్పుకోను. ఆరుబయట చెట్టు రాత్రి వదిలే కార్బన్ డయాక్సైడ్ గాలికి కొట్టుకుపోతుంది. ఆ లెక్కన మూసిన గదిలో పక్కన ఇంకో మనిషి పడుకోవడమే ఎక్కువ ప్రమాదం కావాలి. చింతచెట్టు కింద పాములు, పురుగులు ఉంటాయంటే అది వేరే సంగతి. ఫోన్లలో తిరిగే ఇంకో మాట ఉంది, రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుందని. వెలుగు లేకుండా ఏ ఆకూ ఆక్సిజన్ ఇవ్వదు. కొన్ని ఎడారి మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ని రాత్రిపూట పీల్చి దాచుకుంటాయి గానీ అవి కూడా ఆక్సిజన్ వదిలేది పగలే. రావిచెట్టుకి దణ్ణం పెట్టుకోవడానికి ఈ అబద్ధం అవసరం లేదు.

డిసెంబరు 23

రెండో విడత ఫ్లాస్కులు. ఈసారి మూతకి బదులు వదులుగా దూది పెట్టాం, గాలి ఆడాలి కదా. మొదటిదాంట్లో మొలకెత్తే పెసలు. రెండోదాంట్లో పది నిమిషాలు ఉడకబెట్టి చల్లార్చిన పెసలు. ఉడికినవి చచ్చాయి కాబట్టి వేడెక్కకూడదు. పోల్చి చూడ్డానికి అవి.

18 సాయంత్రం రెండూ 22. పంతొమ్మిదిన మొదటిది 24, రెండోది 22. ఇరవైన 29, 22. ఇరవై ఒకటిన 33, 23. అంతవరకు సంబరంగానే ఉంది. నిన్న 35, 30. ఈ రోజు మొదటిది 35లోనే ఉంది, ఉడికిన పెసలు 36!

"ఉడకబెట్టిన పెసలకి జ్వరమేటి మావయ్యా?"

చూస్తే తీగలు సాగుతోంది, ముక్కు దగ్గర పెట్టుకోలేం. బాక్టీరియా, బూజు. మొలకెత్తే గింజ తన పిండిని తాను పొదుపుగా వాడుకుంటుంది. ఉడికిన గింజకి కాపలా లేదు. వండి వడ్డించిన విస్తరి కాబట్టి సూక్ష్మజీవులన్నీ వచ్చి పడ్డాయి. అవీ ప్రాణులే, అవీ శ్వాసించేవే. ఆ వేడి వాటిది. తడిగడ్డి వాములోనో పేడకుప్పలోనో చెయ్యి పెడితే కాలేది ఇలాగే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పిల్ల మెల్లిగా "పట్టికలో 22 అనే రాసేద్దామా, ఎవులికి తెలుస్తాది?" అంది. నాకూ ఒక్క క్షణం అదే బుద్ధి పుట్టింది. ప్రదర్శన పదహారు రోజుల్లో ఉంది. చివరికి 36 అనే రాసి, పక్కన ఎర్ర పెన్నుతో 'కుళ్ళింది' అని రాసింది. మళ్ళీ చెయ్యాలి.

డిసెంబరు 25

షాపుకి సెలవు. కూర్చుని లోపల జరిగేది బొమ్మలేసి చెప్పాను.

షాపులో నాకు రోజూ ఉండే తలనొప్పి చిల్లర. రెండు రూపాయల మాత్రకి ఐదొందల నోటు తీస్తారు. కణానిదీ అదే బాధ. గ్లూకోజ్ పెద్ద నోటు. కండరంలో ఒక పోగు కదలాలన్నా, వేరు ఉప్పుని లోపలికి లాక్కోవాలన్నా చిల్లర కావాలి. ఆ చిల్లర పేరు ఏటీపీ. మూడు ఫాస్ఫేటు గుంపులు వరసగా ఉన్న అణువు. చివరిది తెగినప్పుడు పని జరుగుతుంది, మిగిలినదాన్ని మళ్ళీ అతికించుకోవాలి. మన ఒంట్లో ఒక్కో క్షణంలో ఉండే ఏటీపీ గుప్పెడుకు మించదు. కానీ రోజంతా తెగుతూ అతుకుతూ తిరిగేది లెక్కవేస్తే దాదాపు మన ఒంటి బరువంత అవుతుంది.

ఈ ఏటీపీని కండరంలోంచి మొట్టమొదట పట్టినవాళ్ళలో మన తెలుగాయన ఉన్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి ముందు ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, దాంతో ఫాస్ఫోక్రియాటిన్‌ని, తర్వాత ఏటీపీని పట్టుకున్నారు. 1929లోనే జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. నేను షాపు తెరిచిన కొత్తలో ఈ పేరు నాకు తెలియదు. కానీ బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్రలు, గర్భిణులకిచ్చే ఫోలిక్ యాసిడ్ అమ్ముతూనే ఉన్నాను. రెండింటి వెనకా ఆయన బృందం చేసిన పని ఉంది. మేనకోడలు పుస్తకమంతా వెతికింది, ఆయన పేరు లేదు. చార్టులో మూలన చిన్న బొమ్మ వేస్తానంది.

నోటు విడిపించడం మూడు చోట్ల జరుగుతుంది. ముందు కణంలోని ద్రవంలో గ్లూకోజ్ రెండు ముక్కలవుతుంది. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు, మిగిలేది రెండే ఏటీపీ. మూత బిగించి పాడుచేసుకున్న ఫ్లాస్కులో పెసలు ఈ రెండింటి మీదే బతికాయి. మన ఎర్ర రక్తకణాలు బతుకంతా ఈ రెండింటితోనే గడుపుతాయి, వాటికి మైటోకాండ్రియా ఉండవు. గాలి ఉంటే ఆ ముక్కలు మైటోకాండ్రియాలోకి వెళ్తాయి. క్రెబ్స్ అనే శాస్త్రవేత్త 1937లో చెప్పిన చక్రంలో తిరిగి కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతాయి. ఆ దారిలో ఊడిన ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌కి చేరతాయి. మొత్తం కలిపితే ఒక గ్లూకోజ్‌కి ముప్పై, ముప్పై రెండు ఏటీపీ. పాత పుస్తకాల్లో 36, 38 అని ఉండేది, నేను చదివింది 38. ఆ తర్వాత కూడా చాలా భాగం వేడిగానే పోతుంది. ఫ్లాస్కులో మేము కొలిచింది ఆ పోయిన భాగమే.

ఇక్కడ దాన్ని ఆపి ఒక ప్రశ్న అడిగాను: నువ్వు పీల్చిన ఆక్సిజన్ ఏమవుతుంది? "కార్బన్ డయాక్సైడ్ అవుతాది" అంది. అందరూ అనేది అదే. కాదు, నీళ్ళవుతుంది. వరస చివర నిలబడి ఎలక్ట్రాన్లని అందుకున్న ఆక్సిజన్ హైడ్రోజన్‌తో కలిసి నీరవుతుంది. ఆకుల్లో దీనికి తిరగేసిన లెక్క: ఆకు వదిలే ఆక్సిజన్ వచ్చేది కార్బన్ డయాక్సైడ్ నుంచి కాదు, నీళ్ళు విరిచినందువల్ల. 1941లో బరువైన ఆక్సిజన్ కలిపిన నీళ్ళతో రూబెన్, కామెన్ దీన్ని తేల్చారు. అక్కడ నీరు విరుగుతుంది, ఇక్కడ నీరు తయారవుతుంది. పిల్ల దీన్ని రెండుసార్లు చెప్పించుకుంది.

ఇక ఏటీపీ అతికే యంత్రం. దీనికి మాచ్‌ఖండ్ కన్నా మంచి పోలిక నాకు దొరకలేదు. కొరాపుట్ కొండల్లో ఒడిశా, ఆంధ్ర కలిసి కట్టుకుని 1955లో మొదలుపెట్టిన కరెంటు కేంద్రం. పైన జలాపుట్‌లో నీళ్ళు ఆపుతారు, కింద టర్బైన్ల మీదికి వదులుతారు. మైటోకాండ్రియా లోపలి పొరకి అవతల పక్క ఎలక్ట్రాన్ల శక్తితో ప్రోటాన్లు (ఎలక్ట్రాన్ ఊడిన హైడ్రోజన్, పులుపుకి కారణం ఇవే) పోగవుతాయి. అవి తిరిగి ఇవతలికి రావాలంటే ఒకటే తూము, అందులో నిజంగానే గిరగిరా తిరిగే ప్రొటీను చక్రం. ఒక చుట్టుకి మూడు ఏటీపీలు అతుకుతాయి. పీటర్ మిచెల్ 1961లో ఈ మాట అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. ఆయన ఇంగ్లండులో ఒక పాత బంగళాని బాగుచేయించుకుని అందులోనే ప్రయోగశాల పెట్టుకున్నాడు. 1978లో నోబెల్ వచ్చింది. షాపు వెనక గదిని తక్కువగా చూడకూడదని పిల్లకి గట్టిగా చెప్పాను.

హరితరేణువులోనూ ఇదే చక్రం ఉంది. అక్కడ నీళ్ళు ఎత్తిపోసేది ఎండ, ఇక్కడ అన్నం. టర్బైను ఒకటే. 1966లో జగెండార్ఫ్ అనే ఆయన పాలకూర హరితరేణువుల పొరల్ని పుల్లటి ద్రవంలో నానబెట్టి, చటుక్కున క్షారద్రవంలోకి మార్చాడు. చిమ్మచీకట్లో ఏటీపీ తయారైంది! ఎండ అవసరం లేకుండా, పులుపు తేడాతోనే చక్రం తిరిగింది. మన గ్లాసులో ఉన్నదీ పాలకూరే అన్నాను. వెళ్ళి ఒకసారి గ్లాసు చూసొచ్చింది.

డిసెంబరు 27

జీడిపప్పు కాల్చాం. పలాస మనకి దగ్గర, పప్పుకి కొదవలేదు. గుండుసూదికి ఒక పప్పు గుచ్చి, వెలిగించి, పైన రేకు డబ్బాలో వంద మిల్లీలీటర్ల నీళ్ళు పెట్టాం. పప్పు బరువు 1.3 గ్రాములు. నీళ్ళు 24 నుంచి 45కి లేచాయి. అంటే 2.1 కిలో కేలరీలు. నిజానికి అంత పప్పులో ఏడు దాకా ఉండాలి. మిగతాదంతా మంటగా, పొగగా, డబ్బా పక్కనుంచి పోయింది. పప్పు మాత్రమే కాల్చాలి, పిక్క కాల్చకూడదు. ఆ పెంకులో నూనె చర్మాన్ని పుండ్లు చేస్తుంది.

మూడు నిమిషాల్లో మండిపోయిన పప్పునే మనం తింటే అదే మొత్తం శక్తి మెట్టు మెట్టుగా దిగుతుంది, ఒళ్ళు కాలదు. ఇది చెప్పాలని ఈ ప్రయోగం పెట్టుకున్నాను గానీ, చెప్పడం మొదలుపెట్టేసరికి పక్కింటి కుర్రాడు మిగతా పప్పు ప్రయోగం తన పొట్టలో మొదలుపెట్టేశాడు.

డిసెంబరు 30

కొండ మీద నుంచి మందులకి వచ్చే ఒక తాతగారిని అడిగితే జీలుగు కల్లు తెచ్చిచ్చారు. పొద్దున దించింది, తియ్యగా ఉంది. సీసాలో పోసి మూతికి బెలూన్ తొడిగాం. మధ్యాహ్నానికి బెలూన్ నిలబడింది. ఆ గాలిని గొట్టంతో సున్నపు తేటలోకి వదిలితే తెల్లబడింది. తాతగారు పక్కనే ఉండి చూశారు. "కుండకి లోపల సున్నం రాస్తే పొంగదు, తీపి ఉండిపోద్ది" అన్నారు. నీరా దించేవాళ్ళు చేసేది అదే. సున్నం ఘాటుకి ఈస్టు లేవలేదు. రెండు వారాలుగా సున్నంతో ఆడుతున్నాం, దాని ఈ ఉపయోగం మాకు తెలియదు.

బడికి కల్లు తీసుకెళ్ళలేం కాబట్టి ప్రదర్శనకి బెల్లం నీళ్ళు, బేకరీ ఈస్టు. పని అదే.

జనవరి 4

మూడో విడత. ఈసారి ఉడికినవీ, మొలకలూ రెండింటినీ పలచటి బ్లీచింగ్ నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, కాచి చల్లార్చిన నీళ్ళతో ఐదుసార్లు కడిగాం. ఫ్లాస్కులూ అలాగే. దూది కొత్తది. గదిలో 20 నుంచి 22. మొలకలు నాలుగు రోజుల్లో 22 నుంచి 34. ఉడికినవి 22, 22, 22, 23. దీని మొహం చూడాలి. అయితే పాత పట్టిక చింపనివ్వలేదు. రెండూ అంటిస్తున్నాం.

నోటుబుక్కు మొదటి పేజీలో మధ్య గీతని కొట్టేసింది. కుడి పక్క 'జంతు కణం' ముందు 'మొక్క కణం, బూజు, ఈస్టు' అని ఇరికించింది. చోటు చాలక అక్షరాలు నిలువుగా దిగాయి. ఎడమ పక్క వాక్యంలో 'శక్తి' కొట్టేసి 'చక్కెర' అని రాసింది. ఆకు తన ఏటీపీ కొంత ఎండతో నేరుగా చేసుకుంటుంది గానీ, దాన్నంతా దాదాపు చక్కెర కట్టడానికే ఖర్చు పెట్టేస్తుంది. కాబట్టి దిద్దుబాటు బాగానే ఉంది.

జనవరి 6

పిండి పరీక్ష కూడా ఒకటి చేశాం: మందారం ఆకుకి నల్లకాగితం పట్టీ కట్టి రెండు రోజులు ఉంచి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టిన స్పిరిటులో ఆకుపచ్చ దించి, బెటాడిన్ చుక్కలు. పట్టీ ఉన్నచోట పాలిపోయి, మిగతాచోట నల్లగా. స్పిరిటు దగ్గర మంట ఉండకూడదు, నీళ్ళు వేరేగా కాచి తెచ్చుకోవాలి. చార్టులు ఒడియాలో, కింద చిన్నగా తెలుగు. తెలుగు రాసింది నేను. కిరణజన్య సంయోగక్రియ దగ్గర అమ్మ మాటే రాశాను: ఎండని అన్నంగా మార్చుకోవడం.

జనవరి 8

ప్రదర్శన అయింది. ఫ్లాస్కులో చెయ్యి పెట్టి చూస్తామని చిన్న తరగతుల పిల్లలు వరస కట్టారు. న్యాయనిర్ణేతగా వచ్చిన మాస్టారు పాలకూర గ్లాసు దగ్గర ఆగి, అట్టపెట్టె బోర్లించి మళ్ళీ తీసి చూసుకున్నారు. తర్వాత 'కుళ్ళింది' పట్టిక చూసి "ఇది ఎందుకు పెట్టావు?" అని అడిగారు. "అలాగే జరిగింది సార్" అంది. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. మొదటి బహుమతి లైట్లు వెలిగే థర్మోకోల్ గుండెకి వెళ్ళింది. దారిలో పిల్ల బహుమతి గురించి ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం "పుట్టగొడుగులు కూడా వేడెక్కుతాయా మావయ్యా?" అని అడిగింది.

ఫ్లాస్కులు రెండూ అమ్మ వంటింట్లోకి రానివ్వలేదు. ఒకటి మరుగు నీళ్ళతో కడిగి షాపులోనే పెట్టుకున్నాను. కొండ ఊళ్ళకి ఇన్సులిన్ తీసుకెళ్ళేవాళ్ళకి, ఐసు మీద గుడ్డ వేసి ఇవ్వడానికి. రెండోది మేనకోడలు తీసుకుపోయింది, దేనికో చెప్పలేదు.